జబాన్‌కి తాళం

మా ఇళ్లల్లో పిల్లాడి చేతికి మొదటి ఫోన్ వచ్చినప్పుడు రెండు నసీహతులు వినిపిస్తాయి. అమ్మీ "చెడు చూడకు" అంటుంది. అబ్బా "ఏదీ రాయకు" అంటారు. మొదటిది ఏ మతం వాళ్ల ఇంట్లోనైనా ఉండేదే. రెండోది మాత్రం మన ఇళ్లల్లో కాస్త గట్టిగా చెప్తారు. "ఏం రాశావో ఎవరూ చదవరు బేటా, కింద ఉన్న పేరే చదువుతారు" అని.

ఈ మాటని నేను కొట్టిపారెయ్యను. అందులో ఖౌఫ్ ఉంది, ఖౌఫ్ వెనక అనుభవమూ ఉంది. కానీ ఈ ఖౌఫ్‌లో నిజంగా కానూన్ వాటా ఎంత, కానూన్ తెలియకపోవడం వాటా ఎంత అని ఒకసారి హిసాబ్ చూసుకోవాలి కదా. అనకాపల్లిలో కూర్చుని ఆ హిసాబ్ చూడడానికి మనం ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. నర్సీపట్నం చాలు.

నర్సీపట్నం ఇప్పుడు మన జిల్లాలోదే. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడే దాకా విశాఖ జిల్లాలో ఉండేది. అక్కడి ఏరియా ఆస్పత్రిలో సుధాకర్ గారని మత్తు డాక్టరు ఉండేవారు. దళితుడు. 2020 ఏప్రిల్ మొదట్లో, కరోనా ముంచుకొస్తున్న రోజుల్లో, డాక్టర్లకి సరైన మాస్కులు ఇవ్వట్లేదని, ఒకే మాస్కుని పదిహేను రోజులు వాడమంటున్నారని కెమెరాల ముందే అనేశారు. ఆ వీడియో ఫోన్ నుంచి ఫోన్‌కి పాకింది. ఏప్రిల్ 8న ఆయన్ని సస్పెండ్ చేశారు. ఇక్కడ ఇంటర్నెట్ చట్టం ఏదీ వాడలేదు. వాడక్కర్లేకపోయింది కూడా. నౌకరీ మీద దెబ్బ కొడితే చాలు, మిగిలిన డాక్టర్లందరికీ అర్థమైపోతుంది.

మే 16న ఆయన్ని విశాఖలో నడిరోడ్డు మీద, ఒంటి మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టేసి పోలీసులు లాగడం దేశమంతా చూసింది. తాగి గొడవ చేశాడని పోలీసులు అన్నారు. అక్కణ్ణుంచి మానసిక ఆస్పత్రికి పంపారు. దారిన పోయేవాళ్లు ఫోన్లలో తీసిన ఆ వీడియోని జతచేసి, పాయకరావుపేట మాజీ ఎమ్మెల్యే వంగలపూడి అనిత గారు హైకోర్టుకి ఉత్తరం రాశారు. హైకోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని మే 22న సీబీఐ విచారణకి హుకుం ఇచ్చింది. ఏడాది తిరక్కుండానే, 2021 మే 21న, డాక్టరు గారు గుండెపోటుతో పోయారు.

ఇందులో రెండు వీడియోలున్నాయి చూడండి. మొదటిది ఆయన ఉద్యోగం తీసింది. రెండోది ఆయన తరఫున గవాహీ చెప్పింది. ఆ రెండోది తీసినవాళ్లెవరో మనకి తెలియదు. వాళ్ల ఇళ్లల్లో కూడా "మనకెందుకు" అనేవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లు ఆ రోజు ఆ మాట విని ఫోన్ జేబులో పెట్టుకుని ఉంటే, హైకోర్టు దాకా వెళ్లడానికి ఉత్తరంలో పోలీసుల మాట తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

అదే నెల 7న తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకైంది. మనకి గంట దారి కూడా లేదు. 12 మంది ప్రాణాలు పోయాయి. దాని గురించి, ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తూ, గుంటూరులో 66 ఏళ్ల పెద్దావిడ ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టారు. సీఐడీ నోటీసు వచ్చింది. 66 ఏళ్లంటే మన ఇళ్లల్లో నానీ, దాదీ వయసు. తస్బీ పట్టుకుని కూర్చునే వయసు అంటాం మనం. ఆ వయసులో ఆవిడ పన్నెండు మంది ఎందుకు పోయారని అడిగారు.

ఇది ఏ ఒక్క పార్టీ బుద్ధో అనుకుంటే పొరపాటు. 2017 ఏప్రిల్‌లో, తెలుగుదేశం ఏలుతున్నప్పుడు, శాసన మండలి మీద వెటకారంగా బొమ్మ పెట్టాడని 'పొలిటికల్ పంచ్' అనే ఫేస్‌బుక్ పేజీ నడిపే అతన్ని పోలీసులు హైదరాబాద్ శివార్ల నుంచి పట్టుకొచ్చారు. 2020లో వైసీపీ. 2024 నవంబరులో మళ్లీ తెలుగుదేశం కూటమి. ఈసారి వైసీపీ సోషల్ మీడియా వాళ్ల మీద ఊరూరా కేసులు. అప్పటికి హోం మంత్రి ఎవరంటే, డాక్టరు గారి కోసం హైకోర్టుకి ఉత్తరం రాసిన అనిత గారే. ఆ పోస్టుల్లో ఆవిడ మీదా, నాయకుల ఇళ్లల్లోని ఆడవాళ్ల మీదా రాయరాని బూతులున్నాయని సర్కారు అంది, అలాంటివి ఉన్నమాట వాస్తవమే. విమర్శించినవాళ్లని కూడా అదే తాడుతో కట్టేస్తున్నారని అవతలి పార్టీ అంది. 2025 మార్చిలో తెలంగాణలో, కాంగ్రెస్ పాలనలో, ఒక పల్లెటూరి మనిషి ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో వేశారని ఇద్దరు ఆడ జర్నలిస్టులని తెల్లారకముందే అరెస్టు చేశారు. కుర్సీ మీద మనుషులు మారారు. కుర్సీకి ఉన్న చెవులు మాత్రం మారలేదు.

ఇవన్నీ పెద్దవాళ్ల పేపర్ కథలు, మనకేంటి అంటారేమో. మా చుట్టాల్లో ఒక పిల్లాడి సంగతి చెప్తాను. డిగ్రీ చదువుతున్నాడు. ఊరి పేరు వద్దు. ఖబ్రస్తాన్ గోడ కూలిపోయి గేదెలు లోపలికొస్తున్నాయి, ఎలక్షన్లప్పుడు కడతామన్నారు కదా, ఎప్పుడు కడతారు అని వార్డు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి అడిగాడు. అంతే. ఒక నాయకుడికి కోపమొచ్చింది. స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. నోటీసు లేదు, కాగితం లేదు. "ఓసారి వచ్చి పో" అన్నారు. వెళ్తే ఫోన్ తీసుకుని రెండు రోజులు ఉంచుకున్నారు. పోస్టు తీసేశాక ఇచ్చారు. వాళ్ల అమ్మీ ఆ రెండు రాత్రులూ ముసల్లా మీదే కూర్చుంది. గోడ ఇప్పటికీ లేదు. అంతకంటే బాధేంటంటే, ఆ గ్రూపులో ఇప్పుడు గోడ గురించి ఎవరూ అడగరు. ఈద్ ముబారక్‌లు, జుమా ముబారక్‌లు, గులాబీ పువ్వుల బొమ్మలు పెట్టుకుంటున్నారు.

ఆ పిల్లాడు ఏ కానూన్ తప్పాడు? ఏదీ తప్పలేదు. ఇది వాడికీ తెలియదు, వాడి అబ్బాకీ తెలియదు. అందుకే కానూన్ సంగతి కాస్త ఓపిగ్గా చెప్పుకుందాం.

ఐటీ చట్టంలో 66ఏ అని ఒక సెక్షన్ ఉండేది. 2008లో సవరణ చేసి చేర్చారు. ఎవరికైనా చిరాకు కలిగించేదో, ఇబ్బంది కలిగించేదో ఇంటర్నెట్‌లో పంపితే మూడేళ్ల దాకా జైలు. చిరాకు అంటే ఎవరి చిరాకు, ఎంత చిరాకు అనేది ఎక్కడా లేదు. 2012 నవంబరులో బాల్ ఠాక్రే పోయినప్పుడు ముంబై మూతపడింది. పక్కనే పాల్ఘర్‌లో ఒక అమ్మాయి, ఈ బంద్ గౌరవంతో కాదు భయంతో అనే అర్థం వచ్చేలా ఫేస్‌బుక్‌లో రాసింది. ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. రాసింది మన పిల్ల, లైక్ కొట్టింది హిందూ పిల్ల. ఇద్దరినీ అరెస్టు చేశారు. రాసిన పిల్ల చాచా ఆస్పత్రిని మూక వచ్చి పగలగొట్టింది.

దాని మీదే శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2015 మార్చి 24న ఇద్దరు జడ్జీలు 66ఏ ని పూర్తిగా కొట్టేశారు. ఒకరు నారీమన్, ఇంకొకరు జాస్తి చలమేశ్వర్. చలమేశ్వర్ గారు కృష్ణా జిల్లా మనిషి, లా చదివింది మన పక్కనే, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో. ఆ ఫైసలాలో పిల్లలకి కూడా అర్థమయ్యే ఒక లెక్క ఉంది. మాటకి మూడు మెట్లు. ఒక విషయం గురించి చర్చించడం మొదటి మెట్టు. ఒక పక్షం తీసుకుని గట్టిగా వాదించడం రెండోది. జనాన్ని దౌర్జన్యానికి ఉసిగొల్పడం మూడోది. మొదటి రెండు మెట్ల మీద ఉన్నవాణ్ణి, వాడి మాట ఎంత చేదుగా ఉన్నా, హుకూమత్ ముట్టుకోకూడదు. మూడో మెట్టు ఎక్కితేనే కానూన్ పని.

ఖబ్రస్తాన్ గోడ గురించి అడిగిన మన పిల్లాడు మొదటి మెట్టు మీదే ఉన్నాడు.

కొట్టేసిన సెక్షన్ కింద కూడా చాలా చోట్ల పోలీసులు ఏళ్ల తరబడి కేసులు పెడుతూనే ఉన్నారు. చివరికి 2022 అక్టోబరు 12న, ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించకూడదని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పైకోర్టులో జడ్జి రాసింది కింద స్టేషన్‌లో రైటర్ దాకా దిగడానికి ఏడేళ్లు చాలలేదు. అది దిగే దాకా మనం ఆగితే ఎలా? మనకే తెలిసి ఉండాలి.

ఇంకొక ఫైసలా ఉంది. ఇది మన జబాన్‌కే సంబంధించింది. ఉర్దూ షాయర్, రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ఒక సామూహిక షాదీల జల్సాకి వెళ్లిన వీడియో పెట్టారు. వెనకాల ఒక ఉర్దూ నజ్మ్ వినిపిస్తుంది. నఫ్రత్ రెచ్చగొడుతున్నాడని 2025 జనవరిలో గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో కేసు పెట్టారు. గుజరాత్ హైకోర్టు కేసు కొట్టెయ్యనంది. మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ నజ్మ్ అర్థమంతా చూసింది. జుల్మ్‌ని మొహబ్బత్‌తో భరిస్తామని చెప్పే నజ్మ్ అది. మొదటి మాటలకే ఉలిక్కిపడ్డవాళ్లు చివరి దాకా వినలేదేమో అనిపిస్తుంది. ఒక మాట వల్ల గొడవ రేగుతుందా లేదా అనేది గుండెదిటవున్న మనిషిని బట్టి తూచాలి, ప్రతిదానికీ బెదిరిపోయేవాణ్ణి బట్టి కాదు అని కోర్టు చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే ఇలాంటి ఇల్జామ్‌లలో, కేసు రాసేముందు డీఎస్పీ ఇజాజత్ తీసుకుని పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేయడం మునాసిబ్ అని కూడా చెప్పింది. ఆ ఏడాది జులైలోనే మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కింది మేజిస్ట్రేట్లకి సర్క్యులర్ పంపింది. సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో మనిషిని రిమాండ్‌కి పంపేముందు సుప్రీంకోర్టు చెప్పినవి పాటించారో లేదో చూడమని.

అంటే దారులున్నాయి. గట్టివే ఉన్నాయి. తలుపు తట్టేవాళ్లే తక్కువ.

ఇప్పుడు మన ఇళ్లల్లో అందరూ అడిగే సవాల్‌కి వస్తాను. "మరి మన మీద నఫ్రత్ రాసేవాళ్ల సంగతేంటి? వాళ్లకీ ఆజాదీయేనా?"

ఈ సవాల్‌కి హక్ ఉంది. 2020లో తబ్లీగీ జమాత్ పేరు చెప్పి కరోనాని మన మీద రుద్దారు. పండ్ల బండి తోసుకునే గరీబు దగ్గర కొనొద్దని వీడియోలు తిరిగాయి. విదేశీ జమాతీల మీద పెట్టిన కేసులని ఆ ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ కొట్టేస్తూ, వాళ్లని బలిపశువుల్ని చేశారని రాసింది. కానీ అప్పటికి ఆ వీడియోలు చేయాల్సిన పని చేసేశాయి. 2022 జనవరి 1న బుల్లీ బాయి అనే యాప్‌లో మన ఆడపిల్లల ఫొటోలు పెట్టి "వేలం" వేశారు. అందులో ఉన్నవాళ్లు ఎవరు? రాసేవాళ్లు, మాట్లాడేవాళ్లు. జబాన్ ఉన్న ఆడవాళ్లనే ఏరి ఏరి పెట్టారు. అదీ ఒక సెన్సారే. సర్కారు ముద్ర లేని సెన్సారు.

అలాంటిది చూసినప్పుడు రక్తం మరుగుతుంది. ఇంకా కఠినమైన కానూన్ కావాలి, నోరెత్తితే లోపలెయ్యాలి అనిపిస్తుంది. ఆగి ఒక పాత సంగతి గుర్తు చేసుకుందాం. 1920లలో లాహోర్‌లో మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మీద బేఅదబీగా ఒక చిన్న పుస్తకం అచ్చేశారు. ఉన్న చట్టంలో అది శిక్షకి రాదని హైకోర్టు వేసినవాణ్ణి వదిలేసింది. దేశమంతా మనవాళ్లు గొంతెత్తారు. 1927లో సర్కారు 295ఏ తెచ్చింది. ఏ మతాన్నైనా కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే శిక్ష. మనవాళ్ల గాయం మీద మందుగా వచ్చిన సెక్షన్ అది. ఇప్పుడు దాని పేరు భారతీయ న్యాయ సంహితలో 299.

2022 జూన్ 27న ఢిల్లీలో ఆల్ట్ న్యూస్ మొహమ్మద్ జుబేర్‌ని అరెస్టు చేసినప్పుడు ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నది ఆ 295ఏ నే. నాలుగేళ్ల కిందటి ట్వీట్, అందులో ఉన్నది 1983 నాటి ఒక హిందీ సినిమాలోని బొమ్మ. అబద్ధపు ఖబర్లని తేల్చి చెప్పడమే ఆయన పని. మూడు వారాలకి పైగా జైల్లో ఉన్నాక జులై 20న సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. ఇకమీద ట్వీట్ చేయొద్దని షరతు పెట్టమని యూపీ సర్కారు అడిగితే, లాయర్‌ని వాదించొద్దన్నట్టు ఉంది అంది కోర్టు.

వెడల్పాటి కానూన్ అడిగినవాడి చేతిలో ఉండదు. కుర్సీ మీద ఉన్నవాడి చేతిలో ఉంటుంది. తక్కువ మంది ఉన్న కౌమ్‌కి ఈ ముక్క అందరికంటే ముందు అర్థం కావాలి. బుల్లీ బాయి చేసింది అభిప్రాయం చెప్పడం కాదు, ఆడదాని ఇజ్జత్ మీద దాడి. దానికి అప్పటికే ఉన్న సెక్షన్లు సరిపోయాయి, మనుషుల్ని అరెస్టు చేశారు కూడా. కొనొద్దు, తరిమెయ్యండి అని ఉసిగొల్పేవాడు మూడో మెట్టు మీద ఉన్నాడు. వాడి కోసం కొత్త కానూన్ అక్కర్లేదు, ఉన్నది నడిస్తే చాలు. కాబట్టి మనం అడగాల్సింది గోదాములాంటి చట్టం కాదు. ఇరుకైన చట్టం, అందరి మీదా ఒకేలా నడిచే చట్టం.

ఇంకో మాట. ఇది మనలో మనం చెప్పుకోవాల్సింది. జబాన్‌కి తాళం వేసేది సర్కారు ఒక్కటే కాదు. 1948లో హైదరాబాద్‌లో షోయబుల్లా ఖాన్ అని ఒక నౌజవాన్ ఉండేవాడు. మహబూబాబాద్ వైపు వాడు. పనిచేసిన 'తేజ్' పత్రికని నిజాం సర్కారు మూయించింది, తర్వాత 'రయ్యత్' నీ మూయించింది. అప్పుడు తనే ఉర్దూలో 'ఇమ్రోజ్' పెట్టాడు. హైదరాబాద్ హిందుస్తాన్‌లో కలవాలని రాశాడు, రజాకార్ల జుల్మ్ గురించి రాశాడు. ఆగస్టు 21 రాత్రి ఇంటికి వెళ్తుంటే కాల్చి, రాసే చేతిని నరికేశారు. నరికినవాళ్లూ కల్మా చదివినవాళ్లే. "మనవాడై ఉండి మనకి వ్యతిరేకంగా రాస్తావా" అనేదే వాళ్ల కోపం.

ఇవాళ మన ఆడపిల్ల ఎవరైనా ఫేస్‌బుక్‌లో జహేజ్ గురించో, తలాక్ గురించో, చదువు మాన్పించడం గురించో రాస్తే కింద వచ్చే కామెంట్లు చూడండి. అవి పెట్టేది బయటివాళ్లు కాదు. సర్కారుని విమర్శించే ఆజాదీ మనకి కావాలి, మనల్ని విమర్శించే ఆజాదీ మన పిల్లకి వద్దు అంటే, ఆ ఇన్సాఫ్ ఏ తరాజులోనూ తూగదు.

మరి పిల్లలకి ఏం చెప్పాలి? "రాయకు" అనే ఒక్క మాట బదులు ఇవి చెప్పవచ్చు.

ముందు తహ్‌ఖీఖ్. ఖబర్ తెచ్చినవాణ్ణి వెంటనే నమ్మకుండా నిజం తేల్చుకోమని, ఒకరినొకరు వెక్కిరించుకోవద్దని, గీబత్ చేయొద్దని సూరా హుజురాత్‌లో మనకి తాలీమ్ ఉంది. ఫార్వర్డ్ బటన్ నొక్కేముందు అది గుర్తుంటే సగం కేసులు పుట్టవు. మనిషిని కాదు, పనిని ప్రశ్నించండి. మతాన్ని కాదు, జుల్మ్‌ని ప్రశ్నించండి. బూతు మాట ఒక్కటి చాలు, మీ నిజమంతా దాని వెనకాల దాక్కుంటుంది.

స్టేషన్ నుంచి నోటి మాటగా పిలిస్తే, కాగితం ఇవ్వమని అదబ్‌తో అడగండి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న ఇల్జామ్‌కి ముందు నోటీసు ఇవ్వాలి. ఇప్పటి కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో అది 35(3). నోటీసు అంటే అరెస్టు కాదు. దానికి హాజరైతే, రాసి చెప్పదగ్గ కారణం లేకుండా అరెస్టు చేయకూడదు. లాయర్‌ని వెంట తీసుకెళ్లండి. ఆడవాళ్లని సాక్షిగా విచారించాలంటే పోలీసులే ఇంటికి రావాలి. లాయర్‌కి డబ్బుల్లేవంటే కోర్టు ఆవరణలోనే లీగల్ సర్వీసెస్ వాళ్లుంటారు. ఆడవాళ్లకి ఆదాయం ఎంతున్నా అక్కడ లాయర్ ఉచితం. ఫోన్ తీసుకుంటే రసీదు అడగండి. గ్రూపు అడ్మిన్ అయినంత మాత్రాన ఎవరో పెట్టినదానికి మీరు ముజ్రిమ్ కారని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది.

మన మస్జిదుల్లో రంజాన్‌కి ముందు జకాత్ లెక్క ఎలా కట్టాలో చెప్పిస్తాం. హజ్‌కి వెళ్లేవాళ్లకి ట్రైనింగ్ ఇప్పిస్తాం. ఏడాదికొక జుమా, నమాజ్ అయ్యాక ఒక్క గంట, ఒక లాయర్‌ని కూర్చోబెట్టి ఈ నాలుగు ముక్కలు చెప్పించలేమా? అమ్మీలని కూడా పిలవాలి. ఇంట్లో ఖౌఫ్ ముందు తగిలేది వాళ్లకే. మీ ఊళ్లో ఎవరైనా ఇది మొదలుపెడితే నాకు ఒక ముక్క రాయండి. ఇక్కడ మావాళ్లని నేను అడగడం మొదలుపెట్టాను.

వస్సలాం.